ఇరవై డిగ్రీల దగ్గర

పీణ్య సెకండ్ స్టేజ్‌లో మా షెడ్డుకి రెండు గదులు.
పెద్దదాంట్లో లేత్‌లు, కూలెంట్ వాసన, ఎఫ్ఎం రేడియో.
చిన్నదాంట్లో నేనూ, గేజీలూ, ఏసీ.
ఇరవై డిగ్రీలు. ఏడాదంతా శాలువా.

వేడి మీదున్న లోహం అబద్ధమాడుతుంది.
మిషను మీంచి అప్పుడే దిగిన రింగు
ఉన్నదానికంటే పెద్దగా చెప్పుకుంటుంది తన గురించి.
అందుకే ట్రేలో పెట్టి గంటన్నర
దాని మానాన దాన్ని వదిలేస్తాను.
చేరిన కొత్తలో పుట్టరాజు గారు నేర్పింది ఇదొక్కటే:
"ఆరనీ అమ్మా. ఆరాక అడుగు."

ఈ వారం ఆర్డరు నాలుగు వేల రింగులు.
డ్రాయింగు మీద నంబరుంది, పేరు లేదు.
దేనికని మేం అడగం.
టీవీ మొన్నట్నుంచి అరుస్తోంది గనక
అందరికీ తెలిసినట్టే ఉంది.
క్యాంటీన్లో ఇడ్లీ ప్లేట్ల మీద సరిహద్దులు గీస్తున్నారు,
చట్నీ అటు, సాంబారు ఇటు.
వన్నూరప్ప మాత్రం ప్లేటు కడుక్కుని వెళ్ళిపోతాడు.
వాళ్ళ తమ్ముడు సిగ్నల్స్‌లో ఉన్నాడు.
నాలుగు రోజులుగా ఫోను కలవడం లేదు.

నా చేతిలో గేజీకి రెండు తలలు.
పచ్చ తల దూరాలి, ఎర్ర తల దూరకూడదు.
రెండూ కుదిరితేనే సంతకం.
దేశానికీ ఇలాంటిదొకటి ఉంటేనా!
ఇంకే దారీ మిగల్లేదు: ఇది దూరాలి.
పడ్డ దెబ్బకి పదింతలు కొట్టడం: ఇది దూరకూడదు.
ఎంత తేలిక, అనుకున్నాను రాత్రి షిఫ్టులో.

కానీ గేజీ అరుగుతుంది.
వాడగా వాడగా పచ్చ తల సన్నబడి
దూరకూడని చోటా దూరిపోతుంది.
ఆర్నెల్లకోసారి ల్యాబుకి పంపుతాం,
దానికంటే నిజమైనదానితో సరిచూడ్డానికి.
దేశం తన గేజీని ఎవరికి పంపుతుంది?

కదిరి అవతల మా అవ్వ వాళ్ళ ఊళ్ళో
రెండడుగుల గట్టు కోసం ముగ్గురు పోయారు.
"ముందు వాళ్ళే" అన్నారు ఇటు.
అటూ అదే మాట, అదే గొంతు.
మూడో శవం లేచాక సర్వేయరొచ్చాడు గొలుసు పట్టుకుని.
గట్టు జరగనే లేదట.

ఇదీ చెప్పాలి, లేకపోతే కొలత తప్పుతుంది:
అదే ఊళ్ళో ఓ రాత్రి తడిక తోసుకొచ్చినవాణ్ణి
రోకలితో కొట్టింది మా అవ్వ.
గదిలో ఇద్దరు పసివాళ్ళు.
వాడు పరిగెత్తాడు. తను గడప దాటలేదు.
రోకలి ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది.
ఆ దెబ్బకి కళ్ళు మూసుకుని పచ్చచుక్క పెడతాను.
ఆ కాలు గడప దగ్గర ఎలా ఆగిందో మాత్రం
ఇప్పటికీ నాకు తెలీదు.

వాచ్‌మన్ సవరిముత్తు పదిహేడేళ్ళు సాపర్.
ఎడమచేతికి మూడే వేళ్ళు.
"అన్నా, మీరు వెళ్ళింది న్యాయమైన యుద్ధమేనా?"
గేటు గొళ్ళెం వేస్తూ అన్నాడు,
"వెళ్ళేటప్పుడు న్యాయమైనదే.
తర్వాత చాలాకాలం పొలాల్లో మందుపాతరలు ఏరాం.
సగం మేం పాతినవే."
చేతికేసి చూసుకుని,
"ఇది కూడా మనదే" అన్నాడు.

ఈ రాత్రి రెండున్నరకి వన్నూరప్ప ట్రే తెచ్చాడు.
ఆవిరి ఇంకా పోలేదు.
"అర్జెంటట అక్కా. ఇప్పుడే కొలిచెయ్యమన్నారు."
జేబులో ఫోను తడుముకుంటున్నాడు.
స్టూలు చూపించాను. కూర్చో, ఆరనీ.
శాలువాలో సగం ఇచ్చాను.
ఇద్దరం రింగులకేసి చూస్తూ గంటన్నర.

నాలుగింటికి కొలిచాను.
నూటికి తొంభైఏడు బాగున్నాయి. సంతకం పెట్టాను.
పెట్టకపోతే అతని తమ్ముడికి అందాల్సిందేదో ఆగిపోతుందేమో,
పెడితే ఇంకెవరి తమ్ముడికో...
ఆ కాలమ్ మా ఫారంలో లేదు.

ఎర్రచుక్క పడ్డ మూడు రింగులు పక్కన పెట్టాను.
వన్నూరప్ప వాటిని జేబులో వేసుకున్నాడు,
ఫోను పక్కన.
తుక్కులో వెయ్యాల్సినవి.
నేనేం అనలేదు.